కొండ అడ్డం కాదన్న పాట: మార్విన్ గే, టామీ టెర్రెల్, మోటౌన్

ఉద్యమ పాటల గురించి మనం చాలా రాసుకున్నాం. ఇంకా రాసుకోవాల్సింది ఉంది కూడా. ప్రేమ పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనలో చాలామందికి ఒక ఇబ్బంది. డప్పు కొట్టి సభలో పాడేది రాజకీయం, ఇద్దరు ప్రేమికులు పాడుకునేది సినిమా వ్యవహారం అని మధ్యలో ఒక గీత గీసుకుని కూర్చున్నాం. ఆ గీత ఎంతవరకు సరైంది అని అడగడానికే మేము ఇక్కడ అమెరికా నల్లజాతివాళ్ళ ప్రేమ పాట ఒకదాన్ని తీసుకుంటున్నాం. దాని పేరు 'ఎయింట్ నో మౌంటెన్ హై ఎనఫ్'. 1967 ఏప్రిల్‌లో విడుదలయింది. పాడినవాళ్ళు మార్విన్ గే, టామీ టెర్రెల్. రాసి, బాణీ కట్టినవాళ్ళు నికోలస్ యాష్‌ఫర్డ్, వేలరీ సింప్సన్. నలుగురూ నల్లవాళ్ళే. పాటను బయటికి తెచ్చిన కంపెనీ డెట్రాయిట్ నగరంలోని మోటౌన్. దాని యజమాని బెర్రీ గోర్డీ కూడా నల్లవాడే.

మొదట మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఈ పాట మేము మొదటిసారి విన్నది యూనివర్సిటీ హాస్టల్లో, ఒక మిత్రుడి లాప్‌టాప్ మీద 'రిమెంబర్ ద టైటాన్స్' సినిమా చూస్తూ. 2000లో వచ్చిన సినిమా అది. 1971లో వర్జీనియా రాష్ట్రంలో నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ ఒకే బడిలో కలిపినప్పటి ఫుట్‌బాల్ జట్టు కథ. జట్టు పిల్లలంతా కలిసి ఈ పాట పాడతారు. అందరూ పాడుతున్నారు కదా, ఇదేదో అందరి పాట, బహుశా తెల్లవాళ్ళ పాటేమో అనుకున్నాం. అది ఎక్కడ పుట్టింది, ఎవరి గొంతు అనే ప్రశ్న మాకు తట్టనే లేదు. ఒక పాట అందరిదీ అయ్యే క్రమంలో దాన్ని పుట్టించినవాళ్ళ పేర్లు ఎలా చెరిగిపోతాయో, చెరిపింది ఎవరో కాదు, ఆ పూట మేమే.

పేరు దగ్గర్నుంచే మొదలుపెడదాం. 'ఎయింట్ నో' అనేది బడి ఇంగ్లీషులో తప్పు. రెండు నిషేధాలు పక్కపక్కన పెట్టకూడదు అంటారు వ్యాకరణం చెప్పేవాళ్ళు. నల్లజాతి మాటతీరులో అది తప్పు కాదు, కాదు అన్నదాన్ని గట్టిగా కాదు అని చెప్పే పద్ధతి. మన బడుల్లో 'వస్తాండు' అన్న పిల్లవాణ్ణి నిలబెట్టి 'వస్తున్నాడు' అని పదిసార్లు అనిపించిన సంగతి మనలో చాలామందికి అనుభవమే. మాకూ అయింది. అలా దిద్దుబాటుకు గురైన మాటనే పాట పేరులో మొదటి మాటగా పెట్టారు వీళ్ళు. అర్థం తేలికే: నువ్వు పిలిస్తే చాలు, మధ్యలో ఎంత పెద్ద కొండ ఉన్నా, లోయ ఉన్నా, నది ఉన్నా అది నాకు అడ్డం కాదు అని ఒకరికొకరు మాటిచ్చుకోవడం. పాట నిడివి రెండున్నర నిమిషాలు.

రాసిన ఇద్దరి కథ కొంచెం చెప్పాలి. యాష్‌ఫర్డ్ 1941లో దక్షిణ కరోలినా రాష్ట్రంలో పుట్టి, మిషిగన్ రాష్ట్రంలో విల్లో రన్ అనే చోట పెరిగాడు. విల్లో రన్ అంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫోర్డ్ కంపెనీ బాంబర్ విమానాలు తయారుచేసిన చోటు. 1910 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్ళు దక్షిణాది పొలాలు వదిలి ఉత్తరాది నగరాలకు, ఫ్యాక్టరీలకు వలసపోయారు. యాష్‌ఫర్డ్ కుటుంబం నడిచిన దారీ అదే. డాన్సర్ అవుదామని న్యూయార్క్ వచ్చి, ఇల్లు లేక పార్కు బెంచీల మీద పడుకున్నాడు. 1964లో హార్లెంలోని వైట్ రాక్ బాప్టిస్టు చర్చికి వెళ్ళాడు. తిండి దొరుకుతుందని వెళ్ళానని తర్వాత తనే చెప్పుకున్నాడు. అక్కడ పియానో దగ్గర పాడుతున్న అమ్మాయి వేలరీ సింప్సన్. ఇద్దరూ కలిసి మొదట చర్చి పాటలు కట్టారు, తర్వాత ఇలాంటివి. 1966లో రే చార్ల్స్ పాడిన వాళ్ళ పాట ఒకటి రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. దాంతో మోటౌన్ కంపెనీ తలుపు తెరుచుకుంది.

హార్లెం అనగానే మనకు ఇంకో సంగతి గుర్తుకు రావాలి. 1913 నుంచి 1916 దాకా అంబేద్కర్ చదువుకున్న కొలంబియా యూనివర్సిటీ ఉన్నది హార్లెంని ఆనుకునే. 1946లో ఆయన డబ్ల్యు.ఇ.బి. డుబోయ్‌కి ఉత్తరం రాశాడు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న పిటిషన్ ప్రతి కావాలని అడిగాడు. అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేసినప్పటి నుంచి మన చదువరులకు ఆ జనం కొత్తకాదు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పేరు తెచ్చుకున్నది కూడా వాళ్ళ దగ్గర్నుంచే. మన సంబంధం ఇన్నాళ్ళూ వాళ్ళ పోరాటంతో, పుస్తకంతో. పాటతో తక్కువ. అందులోనూ ప్రేమ పాటతో బొత్తిగా లేదు.

రిథమ్ అండ్ బ్లూస్ అన్నాం కదా, ఆ పేరు వెనక కూడా చరిత్ర ఉంది. 1920ల నుంచి నల్లవాళ్ళు పాడి నల్లవాళ్ళు కొనే రికార్డులను కంపెనీలు 'రేస్ రికార్డులు' అని పిలిచేవి. అంటే జాతి రికార్డులు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరు తీసేసి, అక్కడ పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ సూచించిన 'రిథమ్ అండ్ బ్లూస్' అనే పేరు పెట్టింది. పేరు మర్యాదగా మారింది, గది మాత్రం వేరుగానే ఉండిపోయింది. నల్లవాళ్ళ జాబితా ఒకటి, అందరి జాబితా అని చెప్పే 'పాప్' ఒకటి. మన పాట నల్లవాళ్ళ జాబితాలో 3వ స్థానానికి వెళ్ళింది, పాప్ జాబితాలో 19 దగ్గర ఆగింది. పేరు మార్చినంత మాత్రాన వాడలు కలిసిపోవని మనకు వేరే చెప్పక్కర్లేదు. ఎన్ని పేర్లు చూడలేదు మనం!

ఆ రెండు గదుల మధ్య గోడ దూకడమే బెర్రీ గోర్డీ పెట్టుకున్న లక్ష్యం. ఆయన తల్లిదండ్రులు జార్జియా రాష్ట్రం నుంచి డెట్రాయిట్ వచ్చినవాళ్ళు. ఆయన కొంతకాలం ఫోర్డ్ వాళ్ళ లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో కూలీగా పనిచేశాడు. 1959లో ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని కంపెనీ పెట్టాడు. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో ఒక మామూలు ఇల్లు కొని దానికి 'హిట్స్‌విల్' అని బోర్డు కట్టాడు. కారు ఎట్లా తయారవుతుందో పాటను అట్లాగే తయారుచేశాడు: ఒకరు రాస్తారు, ఒకరు బాణీ, ఒక జట్టు వాయిస్తుంది, వారం వారం మీటింగు పెట్టి ఏ పాట బయటికి పోవాలో ఓటు వేస్తారు. పాడేవాళ్ళకు ఎలా నడవాలి, ఎలా కూర్చోవాలి, పెద్దవాళ్ళ ముందు ఎలా మాట్లాడాలి అని నేర్పడానికి మాక్సీన్ పావెల్ అనే టీచరమ్మను పెట్టాడు.

ఇక్కడ మనకు చర్చ ఉంది. తెల్లవాళ్ళకు నచ్చేటట్లు తయారవడం లొంగిపోవడమా? వాళ్ళ మీద గెలవడమా? మా అభిప్రాయం చెప్తాం. రెండూ ఉన్నాయి, కానీ ఈ విషయంలో తీర్పు చెప్పేవాళ్ళు ఆ కాలం మార్కెట్ ఎలాంటిదో చూడాలి. 1966లో మోటౌన్ వాళ్ళే ఐస్లీ బ్రదర్స్ ఆల్బం తెస్తూ అట్ట మీద ఐస్లీల బొమ్మ వేయలేదు, సముద్రపు ఒడ్డున ఒక తెల్ల జంట బొమ్మ వేశారు. ప్రేమ పాటకు నల్ల గొంతు పనికొస్తుంది, నల్ల ముఖం పనికిరాదు. 1962లో మోటౌన్ గాయకులు దక్షిణాది రాష్ట్రాల్లో కచేరీలు చేస్తూ తిరిగినప్పుడు వాళ్ళ బస్సు మీద కాల్పులు జరిగాయి. ఆ దేశంలో ఒక నల్ల మగవాడు, ఒక నల్ల ఆడమనిషి ఎదురెదురుగా నిలబడి, ఎవర్నీ నవ్వించకుండా, ఎవరికీ సేవచేయకుండా, నువ్వంటే నాకిష్టం అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పాడుకున్నారంటే అది చిన్న విషయమేమీ కాదు. బానిసత్వంలో వాళ్ళ పెళ్ళికి చట్టం లేదు. యజమాని భార్యనొక చోట, భర్తనొక చోట అమ్ముకోవచ్చు. 'ఏడు తరాలు' చదివినవాళ్ళకు ఆ ఏడుపు గుర్తుండే ఉంటుంది. కొండలూ నదులూ దాటి నీ దగ్గరికి వస్తాననే మాటకు, అమ్ముడుపోయి విడిపోయిన తాతముత్తాతలున్న జనంలో వేరే బరువుంటుంది. యాష్‌ఫర్డ్ ఆ ఉద్దేశంతో రాశాడని మేము అనడం లేదు. న్యూయార్క్‌లో పెద్ద పెద్ద భవనాల మధ్య నడుస్తూ, ఈ ఊరు నన్ను ఓడించలేదు అనుకుంటే వచ్చిన మాటలివి అని ఆయనే చెప్పాడు. అంటే మొదట అది ప్రేయసికిచ్చిన మాట కూడా కాదు, ఆకలితో ఉన్న ఒక నల్ల కుర్రాడు తనకు తాను చెప్పుకున్న ధైర్యం.

ఈ పాట తనకు కావాలని ఇంగ్లండు గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ అడిగింది. తెల్ల గాయని, అప్పటికే పెద్ద పేరున్న మనిషి. ఇస్తే డబ్బు వెంటనే వచ్చేది. వాళ్ళు ఇవ్వలేదు. ఇది మోటౌన్‌లోకి పోవడానికి మన దగ్గరున్న బంగారు గుడ్డు అని దాచుకున్నారు. అలా దాచుకోబట్టే అది టామీ టెర్రెల్ దగ్గరికి వచ్చింది.

టామీ టెర్రెల్ అసలు పేరు థామసీనా వినిఫ్రెడ్ మాంట్‌గొమరీ. 1945లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. చిన్నప్పట్నుంచే పాడుతూ, మధ్యలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డాక్టరు చదువుకు ముందు చదివే కోర్సులో చేరింది. 1965లో గోర్డీ ఆమె పాట విని మోటౌన్‌లోకి తీసుకున్నాడు. కొత్త పేరు అక్కడిదే. రంగంలో పేరున్న మగవాళ్ళ చేతుల్లో ఆమె దెబ్బలు తిన్నదని ఆమె చెల్లెలు 2005లో వచ్చిన పుస్తకంలో రాసింది. ఈ వాక్యాన్ని తొందరగా దాటిపోకూడదని మాకనిపిస్తుంది. నల్లవాళ్ళ కంపెనీ, నల్లవాళ్ళ పాట అని మనం గర్వంగా చెప్పుకుంటున్న చోటే, నల్ల ఆడమనిషి ఒంటిమీద దెబ్బ ఉంది. జాతి లోపలి మగతనం గురించి నల్లజాతి స్త్రీవాదులు అడిగిన ప్రశ్నలు, మన స్త్రీలు మనల్ని అడుగుతున్న ప్రశ్నలు వేరువేరు కాదు.

ఇక పాట రికార్డింగు. విన్నవాళ్ళెవరైనా ఇద్దరూ ఒకే మైకు ముందు కళ్ళల్లో కళ్ళు పెట్టుకుని పాడారనుకుంటారు. అట్లా కాదు. హార్వీ ఫుక్వా, జానీ బ్రిస్టల్ అనే నిర్మాతలు మొదట టామీ ఒక్కదానితో పాడించారు. సాధన లేకపోవడంతో ఆమె బెదిరిపోయి ఉందంటారు. మార్విన్ గొంతును తర్వాత కలిపారు. పాట నడకేమో చర్చిలో ప్రసంగి ఒక మాట అంటే సంఘం బదులిచ్చే పద్ధతి. మన వాడల చర్చిల్లో కీర్తన ఎత్తుకునేవాళ్ళు ఒకరు, అందుకునేవాళ్ళు అందరూ. చిందు భాగోతంలోనూ ముందు గొంతు, వెనక వంత ఉంటాయి. విన్న చెవికి ఈ పద్ధతి వెంటనే తెలిసిపోతుంది. తేడా ఏమంటే ఇక్కడ వంత పాడేవాళ్ళు లేరు. మార్విన్ ఎత్తుకుంటాడు, టామీ అందుకుంటుంది, కానీ ఆమెది జవాబు మాత్రమే కాదు. కొన్ని చోట్ల ఆమే ముందుకు తోస్తుంది, అతను వెనక వస్తాడు. చివరికి ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు. ఆడమనిషి కూడా నేను వస్తా, నేను దాటుతా అంటుంది. ప్రేమ పాటల్లో ఆడది కిటికీలో కూర్చుని ఎదురుచూడటమే మనకు అలవాటు గదా!

వెనక వాయించినవాళ్ళను ఫంక్ బ్రదర్స్ అంటారు. బేస్ గిటార్ జేమ్స్ జేమర్సన్. పాట నడుము అంతా ఆ బేస్ మీదే నిలబడి ఉంది. ఇన్ని హిట్లు వాయించిన ఈ మనుషుల పేర్లు మోటౌన్ తన ఆల్బం అట్టల మీద 1971 దాకా వేయలేదు. ఆ ఏడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బం మీద మొదటిసారి కనిపించాయి. వాళ్ళ మీద డాక్యుమెంటరీ రావడానికి 2002 దాకా పట్టింది, జేమర్సన్ 1983లోనే చనిపోయాడు. ప్రచురణ హక్కులు గోర్డీ సొంత కంపెనీ జోబెట్‌వి. 1997లో దాంట్లో సగం వాటానే 13 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. యజమాని మనవాడైతే దోపిడీ ఉండదనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూడాలి. అలాగని గోర్డీని పక్కన పెట్టేయడమూ కుదరదు. 1963లో డెట్రాయిట్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాన్ని రికార్డుగా తెచ్చింది ఈ కంపెనీయే.

పాట విడుదలైన మూడు నెలలకు, 1967 జులై 23న, అదే డెట్రాయిట్ తగలబడింది. పోలీసులు లైసెన్సు లేని ఒక బారు మీద దాడి చేయడంతో మొదలైన తిరుగుబాటు. ఐదు రోజుల్లో 43 మంది చనిపోయారు. సైన్యం దిగింది. ఆగస్టులో ఈ పాట ఉన్న 'యునైటెడ్' ఆల్బం మార్కెట్‌లోకి వచ్చింది. అదే ఏడు జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు, నల్ల తెల్ల పెళ్ళిళ్ళను నేరంగా చూసే వర్జీనియా చట్టాన్ని కొట్టేసింది. ఈ మూడూ ఒకే వేసవిలో జరిగాయి. ఒకదానికొకటి కారణమని అనలేం గానీ, ఆ పాట విన్న రేడియోలోనే జనం ఆ వార్తలూ విన్నారు.

అక్టోబరు 14న వర్జీనియాలోని హాంప్డెన్-సిడ్నీ కాలేజీలో కచేరీ జరుగుతుండగా టామీ స్టేజి మీదే మార్విన్ చేతుల్లోకి కూలిపోయింది. మెదడులో కణితి అని తేలింది. ఎనిమిది ఆపరేషన్లు చేశారు. ఆ మధ్యలోనే ఓపిక ఉన్నప్పుడల్లా పాడింది. 1968లో యాష్‌ఫర్డ్, సింప్సన్ రాసిన మరో రెండు పాటలు ఈ జంటవే నల్లవాళ్ళ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళాయి. 1969లో వచ్చిన ఆల్బంలో టామీ గొంతని చెప్పిన పాటల్లో చాలావాటిలో పాడింది నిజానికి వేలరీ అని మార్విన్ తర్వాత చెప్పాడు. కాదు, నేను టామీకి నేర్పడానికి మాత్రమే పాడానని వేలరీ అంది. 1970 మార్చి 16న టామీ చనిపోయింది. అప్పటికి 24 ఏళ్ళు. మార్విన్ కొన్నేళ్ళ దాకా కచేరీలు చేయలేకపోయాడు. ఆ మౌనంలోంచి వచ్చిందే 'వాట్స్ గోయింగ్ ఆన్'. వియత్నాం యుద్ధం, పోలీసులు, మురికివాడలు అన్నీ ఉన్న ఆ ఆల్బంను మన మిత్రులు రాజకీయ సంగీతం అంటారు. దాని వెనక ఒక ప్రేమ పాట, ఒక చావు ఉన్నాయని మాత్రం అనరు.

1970లోనే డయానా రాస్ ఇదే పాటను మళ్ళీ పాడింది. నిర్మాతలు యాష్‌ఫర్డ్, సింప్సన్‌లే. ఆరు నిమిషాలకు సాగదీసి, సగం మాటలుగా చెప్పించి, చివర్లో కోరస్ పేల్చారు. గోర్డీకి మొదట నచ్చలేదు. రేడియోవాళ్ళు తమంతట తామే కత్తిరించి వేసుకోవడం మొదలుపెడితే చిన్నది చేసి విడుదల చేశాడు. అది పాప్ జాబితాలో మొదటి స్థానంలో మూడు వారాలు నిలబడింది. జంట పాడితే 19 దగ్గర ఆగింది, ఒంటరి గొంతు పైకెక్కింది. డయానా రాస్ గొప్పగానే పాడింది, సందేహం లేదు. మాకు మాత్రం పాతదే ఇష్టం. మాటిచ్చేవాళ్ళకు ఎదురుగా మాట తీసుకునేవాళ్ళు ఉండాలి.

తర్వాత ఈ పాట పోని చోటు లేదు. 2014లో 'గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ' సినిమాలో ఒక కాసెట్టులోంచి వినిపించి, తాతల కాలం పాటను ఇప్పటి పిల్లల నోట్లో పెట్టింది. 1995లో మెథడ్ మ్యాన్, మేరీ జె. బ్లైజ్ ఈ జంటదే ఇంకో పాటను తీసుకుని ర్యాప్ యుగళగీతం చేస్తే దానికి గ్రామీ అవార్డు వచ్చింది. వీధిలో పెరిగిన కుర్రాడు తన మనిషితో నువ్వే నాకు దిక్కు అని చెప్పుకోవడానికి 1968 నాటి పాటే మళ్ళీ ఆసరా అయింది. మార్విన్ గే 1984 ఏప్రిల్ 1న కన్నతండ్రి తుపాకీకి చనిపోయాడు. యాష్‌ఫర్డ్ 2011లో పోయాడు. అతనూ వేలరీ 1974లో పెళ్ళి చేసుకుని, 1996 నుంచి న్యూయార్క్‌లో షుగర్ బార్ అని ఒక హోటల్ నడిపారు.

మేము ఈ మధ్య మా స్టడీ సర్కిల్లో రెండు రికార్డులూ వరసగా వినిపించాం. 2018లో మిర్యాలగూడలో కులం దాటి పెళ్ళి చేసుకున్న మన కుర్రాణ్ణి ఆస్పత్రి ముందు, గర్భంతో ఉన్న భార్య కళ్ళెదుట నరికిన తర్వాత, ప్రేమ అనే మాట మన సమావేశాల్లో చావు వార్తగానే వినిపిస్తోంది. ఆ రోజు కాసేపు వేరేగా వినబడింది. మగపిల్లలు బేస్ గిటార్ గురించి, డబ్బు లెక్కల గురించి అడిగారు. వెనక బెంచీలో ఉన్న ఇద్దరు ఆడపిల్లలు మాత్రం, 'సార్, ఆమె ఇంకేం పాడింది? ఆమె గురించి చదవడానికి ఏమైనా ఉందా?' అన్నారు. తెలుగులో రాసింది మా చేతిలో ఒక్క కాగితం కూడా లేకపోయింది. వచ్చే వారం ఇస్తామని చెప్పి వచ్చి ఇది రాశాం.